గంగిరెద్దు దారి చూపదు

అమెరికాలో కొన్ని పొట్టి గుర్రాలకు చూపులేనివారికి దారి చూపడం నేర్పారు. అదే పని మన ఎద్దుకు నేర్పితే శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం వీధుల్లో సాగుతుందా? జంతువు ఏదైతేనేం అనుకునే ముందు, దానికి ఎదురు చెప్పడం వచ్చా అని అడగాలి.

సంక్రాంతి రోజుల్లో ఉత్తరాంధ్ర పల్లెల్లో గంగిరెద్దు గుమ్మం గుమ్మం తిరుగుతుంది. వీపు మీద రంగురంగుల బొంత, కొమ్ములకు కుచ్చులు, మెడలో మువ్వలు. సన్నాయి ఊదితే తల ఊపుతుంది. డోలు దరువుకు కాలు ఎత్తుతుంది. అయ్యగారికి దండం పెట్టమంటే ముందుకాళ్లు మడిచి వంగుతుంది. కొందరు ఆటగాళ్లు నేల మీద వెల్లకిలా పడుకుంటే వాళ్ల గుండెల మీద గిట్ట ఆనించి, బరువు మోపకుండా నిలబడుతుంది కూడా. క్వింటాళ్ల బరువున్న పశువుకు అంత నాజూకు పని నేర్పడం సామాన్యమైన విద్య కాదు. ఏ పుస్తకమూ లేకుండా తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన విద్య అది. జంతువులకు నేర్పడం మనకు చేతకాదని ఎవరూ అనలేరు. అయినా ఆ ఎద్దు పలుపు చూపులేని మనిషి చేతికిచ్చి నడవమంటే ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే. ఎందుకంటే అది నేర్చుకున్నదంతా ఔననడం. దారి చూపే జంతువు నేర్వాల్సింది దానికి తలకిందులైన విద్య. యజమాని పదమన్నా సరే, అడుగు వేస్తే ప్రమాదమని తెలిసినప్పుడు కదలకుండా మొండికేయడం.

చూపులేనివారికి దారి చూపడానికి కుక్క తప్ప మరో జంతువు పనికిరాదా అన్న ప్రశ్న మొదట వింతగా తోస్తుంది. కానీ గత పాతికేళ్లలో ఈ ప్రశ్నకు కొందరు బతికి చూపిన జవాబులున్నాయి. వాటిని తీసుకొచ్చి వంశధార ఒడ్డున, శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలోని శ్రీముఖలింగం లాంటి ఊళ్లో పెట్టి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. తోడు వచ్చేది కుక్కా గుర్రమా ఎద్దా అన్నది తర్వాతి మాట. ఎక్కడికి పోవాలో మనిషి నిర్ణయించాలి, ఎక్కడ అడుగు పెట్టకూడదో తోడు నిర్ణయించాలి. ఈ పంపకం కుదిరితేనే ఆ తోడు కళ్లవుతుంది. కుదరకపోతే అది బరువో, బంధమో అవుతుంది. ఈ కొలతతో కొలిస్తే గుర్రం కొంతవరకు నెగ్గుతుంది, ఎద్దు ఓడుతుంది. సాయం చేస్తున్నామనుకునే మనుషుల్లోనూ చాలామంది ఓడిపోతారు.

ఎదురుచెప్పే విద్య

ఈ పంపకం ఎలా పుట్టిందో చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో డాక్టర్ గెర్‌హార్డ్ స్టాలింగ్ కుక్కలకు దారి చూపడం నేర్పే బడి తెరిచారు. 1923లో పోట్స్‌డామ్‌లో మరొకటి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో జర్మన్ షెపర్డ్ కుక్కలను పెంచుతున్న అమెరికా మహిళ డొరొతీ హారిసన్ యూస్టిస్ ఆ పద్ధతిని చూసి, 1927లో ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రికలో వ్యాసం రాశారు. అది చదివించుకుని విన్న చూపులేని యువకుడు, నాష్‌విల్‌కు చెందిన మోరిస్ ఫ్రాంక్, ఆమెకు ఉత్తరం రాశాడు. 1928లో స్విట్జర్లాండ్ వెళ్లి ‘బడ్డీ’ అనే కుక్కతో తిరిగొచ్చి, న్యూయార్క్‌లో విలేకరుల కళ్లెదుటే బండ్లు దూసుకుపోయే వెస్ట్ స్ట్రీట్ దాటి చూపించాడు. మరుసటి ఏడాది ‘ది సీయింగ్ ఐ’ అనే సంస్థ మొదలైంది. నేటి గైడ్ డాగ్ శిక్షణ చాలావరకు ఈ పరంపర నుంచి వచ్చిందే.

ఆ రోజు వీధి దాటించింది కుక్క ఒక్కటే అనుకుంటే పొరపాటు. గైడ్ డాగ్‌కు ట్రాఫిక్ లైట్లు చదవడం రాదు, ఏ సందు తిరగాలో తెలియదు. రోడ్డు అంచుకు రాగానే ఆగుతుంది. పక్కనున్న మనిషి పాదంతో తడిమి అంచు ఎక్కడుందో తెలుసుకుంటాడు. బండ్ల చప్పుడు ఎటు నుంచి ఎటు పోతోందో వింటాడు. రోడ్డు ఖాళీ అనిపించాక ముందుకు పదమంటాడు. అప్పుడు కుక్క చూస్తుంది. నిజంగా ఖాళీ అయితే కదులుతుంది. చప్పుడు లేకుండా ఏదైనా బండి వస్తుంటే కదలదు, ఒక్కోసారి మనిషికి అడ్డంగా నిలబడుతుంది. కుక్క వీపు మీది పట్టీకి బిగించిన గట్టి పిడి మనిషి ఎడమ చేతిలో ఉంటుంది కాబట్టి కుక్క భుజం ఏ వైపు వాలినా, అడుగు ఎంత నెమ్మదించినా ఆ చేతికి తెలిసిపోతుంది. మెడకు కట్టిన తాడుతో ఇది కుదరదు. తాడు లాగుతుందే తప్ప కబురు చెప్పదు.

రెండో పాఠం ఇంకా కష్టం. ప్రతి జంతువుకూ తన ఒళ్లు ఎంత వెడల్పో తెలుసు. తాను దూరే సందులోంచి దూరిపోతుంది, తనకు తగలని కొమ్మ కింద నుంచి నడిచిపోతుంది. దారి చూపే జంతువు తన ఒంటి వెడల్పుకు పక్కనున్న మనిషి వెడల్పును, తన ఎత్తుకు అతని తల ఎత్తును కలుపుకుని లెక్క వేయాలి. తనకు ఏ అడ్డూ లేని చోట మనిషి కోసం ఆగాలి. సహజ బుద్ధికి ఇది విరుద్ధం కనుక నెలల తరబడి శిక్షణ కావాలి. శిక్షణకు తీసుకున్న కుక్కలన్నీ గట్టెక్కవు కూడా.

పొట్టి గుర్రం సంగతి

కుక్క ఇంత బాగా పనిచేస్తుంటే గుర్రం ఎందుకు? 1999లో అమెరికాలోని నార్త్ కరొలినాలో జానెట్, డాన్ బర్లిసన్ దంపతులు ‘గైడ్ హార్స్ ఫౌండేషన్’ పేరుతో ఈ ప్రయోగం మొదలుపెట్టారు. వాళ్లు ఎంచుకున్నవి రెండడుగుల పైచిలుకు ఎత్తుండే పొట్టి గుర్రాలు. 2001లో మెయిన్ రాష్ట్రానికి చెందిన డాన్ షా ‘కడిల్స్’ అనే గుర్రాన్ని తోడు తెచ్చుకున్నాడు. వాళ్ల వాదనలో పస ఉంది. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. రాత్రిపూట చూపు మనిషి కంటే మెరుగు. అన్నిటికంటే ముఖ్యం ఆయుష్షు. గైడ్ డాగ్ సాధారణంగా ఎనిమిదేళ్ల ప్రాంతంలో పని చాలిస్తుంది. యవ్వనంలో చూపు పోయిన మనిషి జీవితకాలంలో నాలుగైదు కుక్కలను తోడు తెచ్చుకుని, ఒక్కొక్కదాన్నీ పోగొట్టుకోవాలి. పొట్టి గుర్రం పాతిక, ముప్పై ఏళ్లు బతుకుతుంది. కుక్క వెంట్రుక పడనివారు, కుక్క అంటేనే భయపడేవారు, ఇంట్లోకి కుక్కను రానివ్వని ఆచారం ఉన్నవారు ఉండనే ఉన్నారు. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో కుక్కలంటే భయమున్న ఒక పాత్రికేయుడి కోసం ‘డిగ్బీ’ అనే పొట్టి గుర్రానికి శిక్షణ మొదలుపెట్టిన సంగతి కొన్నేళ్ల కిందట వార్తల్లోకెక్కింది.

అభ్యంతరాలూ తక్కువేం కాదు. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. బెదిరితే దాని మొదటి ఆలోచన పరుగు. పక్కన చూపులేని మనిషి ఉన్నప్పుడు ఆ ఒక్క పరుగు చాలు. పని లేనప్పుడు దానికి పచ్చిక, ఆరుబయట చోటు, తోటి గుర్రాల సావాసం కావాలి. కుక్కలా కుర్చీ కింద ముడుచుకుని పడుకోదు. నున్నటి గచ్చు మీద గిట్టలు జారకుండా దానికి చిన్న బూట్లు తొడుగుతారు. అమెరికా చట్టం ఈ తూకాన్ని గుర్తించింది. 2011 మార్చిలో అమల్లోకి వచ్చిన నిబంధనల్లో సేవా జంతువు అంటే కుక్కేనని నిర్వచిస్తూనే పొట్టి గుర్రానికి విడిగా చోటిచ్చింది. ఆ గుర్రం యజమాని అదుపులో ఉందా, ఆవరణను పాడుచేయదా, దాని పరిమాణానికి అక్కడ చోటుందా, భద్రతకు ఇబ్బందా అని చూసి అనుమతించమంది. కోతులను మాత్రం ఆ నిర్వచనంలోకి రానివ్వలేదు. విమానాల దగ్గరకొచ్చేసరికి 2020 డిసెంబరులో ఆ దేశ రవాణా శాఖ కుక్కలకే పరిమితం చేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా గైడ్ గుర్రాలు అరుదైన సంగతిగానే మిగిలాయి.

అంతమాత్రాన ఈ ప్రయోగం విఫలమైందనలేం. అందులోంచి తెలిసిన విషయం ఒకటుంది. అలెగ్జాండ్రా కర్లాండ్ అనే శిక్షకురాలు ‘పాండా’ అనే పొట్టి గుర్రానికి నేర్పిన తీరు చూడండి. రోడ్డు అంచు దగ్గర గుర్రం ఆగిన క్షణాన చేతిలోని చిన్న మీట టిక్కుమంటుంది, వెంటనే ఒక తినుబండారం దొరుకుతుంది. ఆగడం లాభమని గుర్రానికి అర్థమవుతుంది. కొట్టి నేర్పితే ఈ ఫలితం రాదు. ముల్లుగర్రకు అలవాటుపడ్డ పశువుకు ఆగడమంటే దెబ్బ తినడం. ప్రమాదం ఎదురుగా కనిపిస్తున్నా అది ముందుకే పోతుంది, ఎందుకంటే వెనకనున్న కర్ర దానికి మరింత దగ్గర. జంతువును ఇలా వాడుకోవడం హింస కాదా అని అడిగేవారికి జవాబు ఇక్కడే ఉంది. హింసతో నేర్పిన జంతువు దారి చూపలేదు. ఎదురు చెప్పే ధైర్యం దెబ్బల్లోంచి రాదు. 2009 నాటికి మన దేశంలో ఎలుగుబంట్లను ఆడించే వృత్తికి తెరపడింది. ముక్కులోంచి తాడు దూర్చి ఆడించిన ఆ విద్యకూ, ఈ విద్యకూ పోలికే లేదు.

మన ఎద్దుకు ఈ పరీక్ష

ఎద్దు తరఫున వాదించేవారు చెప్పే మాట ఒకటుంది. సంతకెళ్లి రాత్రి తిరిగొస్తూ బండివాడు నిద్రపోయినా ఎడ్లు ఇంటి ముందే ఆగుతాయి కదా అంటారు. నిజమే. ఎద్దుకు దారి గుర్తుంటుంది. గుర్రానికి మల్లే దానికీ చుట్టూ కనిపిస్తుంది, నిలకడ గుర్రం కంటే ఎక్కువే. కానీ బండి ప్రయాణంలోనే దాని లోపం కూడా కనిపిస్తుంది. పొద్దున లేని గొయ్యి సాయంత్రానికి దారిలో తవ్వి ఉంటే ఎద్దు ఆ గోతిని తప్పుకుంటుంది, బండి చక్రం మాత్రం గోతిలో పడుతుంది. తన ఒంటికి అవతల ఉన్నదాని బాధ్యత ఎద్దు తీసుకోదు. అలవాటైన దారిని గుర్తుపెట్టుకోవడం వేరు, మారిన దారిని మరొకరి కోసం చూడటం వేరు. నేర్పితే కొంత రావచ్చేమో. అయితే ఆ కొమ్ములు, ఆ బరువు, దుకాణంలోకీ బస్సులోకీ తేలేని ఆ ఒళ్లు మిగిలే ఉంటాయి. పైగా ట్రాక్టర్లు వచ్చాక దుక్కిటెడ్లే అరుదైపోయాయి. గాడిదది మరో చిక్కు. మొండికేయడం దానికి పుట్టుకతోనే వచ్చు. కానీ ఆ మొండితనం ఎప్పుడు వస్తుందో దానికే తెలియాలి. కారణం ఉన్న మొండితనమే మనకు పనికొస్తుంది. అడవి జంతువుల మాట ఎత్తనక్కర్లేదు. వాటిని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారమే నేరం. తరాల తరబడి మనిషి దగ్గర పెరగని జంతువు మనిషి కోసం ఆలోచించదు కూడా.

అయితే కుక్కనే తెచ్చుకుందామా? శ్రీముఖలింగం దారి మీద నిలబడి ఆలోచిద్దాం. ఊళ్లోకి వచ్చే తారు రోడ్డు మీద కోతల కాలంలో ధాన్యం ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు. కరెంటు స్తంభాన్ని నిలబెట్టే స్టే వైరు ఏటవాలుగా దిగి దారి పక్కనే పాతుకుని ఉంటుంది. చేతికర్ర దాని కింద నుంచి ఏమీ తగలకుండా పోతుంది, వైరు మాత్రం మొహానికి తగులుతుంది. మూత లేని మురుగు కాలువ ఇంటి అరుగుకూ రోడ్డుకూ మధ్య ఉంటుంది. ఇక వీధి కుక్కలు. పరాయి కుక్క తమ వీధిలో అడుగుపెడితే గుంపుగా మీద పడటం వాటి పద్ధతి. ఎంత బాగా నేర్చిన గైడ్ డాగ్ అయినా అప్పుడు దాని చూపు యజమాని మీద నిలవదు. పొట్టి గుర్రానికీ అదే గతి. పొలానికి పోవాలంటే గట్టు మీద నడవాలి. అది మనిషి ఒక్కడికే సరిపోయేంత సన్నగా ఉంటుంది. పక్కపక్కన నడిచే జంటకు అక్కడ చోటే లేదు. గెడ్డ దాటేచోట కూడా అంతే. పట్నం రోడ్డు కోసం, కాలిబాట కోసం తయారైన విద్య ఇది. కాలిబాట లేని చోట దాని సగం బలం పోతుంది.

మహాశివరాత్రి నాటి మాట సరేసరి. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలున్న ఈ ఊరికి ఒడిశా నుంచి కూడా జనం వస్తారు, చక్రతీర్థ స్నానానికి వంశధారలో ఇసుక వేస్తే రాలదు. ఆ తోపులాటలో ఏ జంతువూ దారి చూపలేదు. గుడిలోకి కుక్కను రానివ్వరు, గుర్రమో ఎద్దో అయితే ఆచారం అడ్డురాదు కదా అని కొందరు అనవచ్చు. స్వామికి ఎదురుగా నందే ఉందని గుర్తు చేయవచ్చు. కానీ గుడిలోకి రానిచ్చే జంతువునే తోడుగా ఎంచుకోవాలనడం సరికాదు. జంతువు గుడి వాకిలి బయట ఆగినా ఫర్వాలేదు. లోపల మనిషికి మోచేయి అందించే మనిషి ఉంటే చాలు.

మోచేయి, కర్ర, చట్టం

ఈ మోచేయి మాట ముఖ్యమైనది. ‘మా ఇళ్లలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, జంతువుల అవసరం తెల్లవాళ్లకే’ అన్నది మన దగ్గర బలంగా వినిపించే అభ్యంతరం. ఉమ్మడి బతుకు పెద్ద ఆసరా అన్నది నిజం. కానీ మనం సాయం చేసే తీరు చూడండి. చూపులేని మనిషి చెయ్యి పట్టుకుని ముందుకు లాగుతాం, లేదా వెనక నుంచి నెడతాం. ‘ఎక్కడికి?’ అని అడగడానికి బదులు ‘ఎందుకొచ్చిన తిప్పలు, నేను తెస్తాలే’ అంటాం. దుకాణంవాడు డబ్బు లెక్క తోడొచ్చినవాడికి చెబుతాడు. ఎక్కడికి పోవాలన్న నిర్ణయం సాయం చేసేవాడి చేతిలోకి పోయింది. మరోవైపు గంగిరెద్దులా అన్నిటికీ తలూపే సాయగాడు కూడా ప్రమాదమే, ఎదురుగా మెట్టుందని చెప్పడం మరిచిపోతాడు. సరైన పద్ధతిలో సాయం చేసేవాడు ముందు అడుగుతాడు, తన మోచేయి అందిస్తాడు, అర అడుగు ముందు నడుస్తాడు. అతని ఒంటి కదలికే వెనకనున్నవాడికి మెట్టునూ మలుపునూ చెబుతుంది. ఇది గైడ్ డాగ్ పిడి చేసే పనే. నేర్పడానికి ఒక పూట చాలు, ఖర్చు లేదు.

అయినా ప్రతి అడుగుకూ మరో మనిషి దొరకాలంటే అది స్వేచ్ఛ కాదు. అందుకే తెల్ల కర్ర. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ పొడవాటి కర్రను అడుగు అడుగుకూ అటూ ఇటూ చాపంగా ఆడించే పద్ధతిని తీర్చిదిద్దారు. దాని లోపం స్టే వైరు దగ్గర చూశాం. నడుముకు పైనున్నది కర్రకు అందదు. ఆ లోపం పూడ్చడానికే ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ ఎం.బాలకృష్ణన్ బృందం గబ్బిలం పద్ధతిలో, చెవికి వినపడని శబ్దతరంగాలతో మూడు మీటర్ల దూరంలోని అడ్డును పసిగట్టి పిడి కంపించేలా స్మార్ట్‌కేన్ తయారుచేసింది. 2014లో అది బయటికొచ్చింది. మనిషి చెవి కూడా తక్కువది కాదు. అడుగుల చప్పుడు తిరిగొచ్చే తీరును బట్టి గోడ దగ్గరపడిందని చూపులేనివారు గుర్తిస్తారని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1944లోనే తేల్చారు. వాళ్ల పాదాల చప్పుడు వినపడకుండా చేస్తే ఆ సామర్థ్యం దెబ్బతింది. రాతిగోడల ఆలయ ప్రాకారంలో ఈ విద్యకు ఎంత పని ఉందో చెప్పనక్కర్లేదు.

మరి యంత్రాలొచ్చాక జంతువులెందుకు అంటే, పూర్తిగా కొట్టిపారేయలేం. చైనాలోని షాంఘై జియావో టాంగ్ విశ్వవిద్యాలయం ఆరు కాళ్ల రోబో గైడ్‌ను పరీక్షించింది. ఫోన్ ఫలానా వీధి వచ్చిందని చెబుతుంది. కానీ ఆ వీధిలో నిన్న తవ్విన గొయ్యి గురించి చెప్పదు. యంత్రానికీ అదే పరీక్ష పెట్టాలి. తనను నమ్మి అడుగేసే మనిషిని సరైన క్షణంలో ఆపుతుందా, ఆపనప్పుడు అతని దారిన అతన్ని పోనిస్తుందా? నెగ్గితే రోబో అయినా సరే, గుర్రమైనా సరే. 2011 జనగణన ప్రకారం మన దేశంలో దృష్టి లోపం ఉన్నవారు 50 లక్షల పైమాటే. ఒక్కో జంతువుకు నెలల శిక్షణ, జీవితాంతం మేత, వైద్యం కావాలి. అందరికీ జంతువు అన్న మాట అందుకే లెక్కకు నిలవదు. అందరికీ కర్ర, కర్ర పట్టడంలో శిక్షణ, కోరుకున్నవారికి జంతువు అన్నదే నిలిచే లెక్క.

దారి బాగుపడితే మోచేయీ, కర్రా, జంతువూ మూడూ బాగా పనిచేస్తాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజలు తిరిగే భవనాలన్నిటినీ నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో అందరికీ అనువుగా మార్చాలంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2022లోనే తీరిపోయింది. రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఈ నిబంధనలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి ప్రమాణాలు తెమ్మని కేంద్రాన్ని ఆదేశించింది. అయితే దారి చూపే జంతువును వెంట తీసుకెళ్లే హక్కును ఆ చట్టం విడిగా రాయలేదు. అమెరికా పొట్టి గుర్రం విషయంలో వేసిన నాలుగు ప్రశ్నలు మనకూ సరిపోతాయి. వాటిని నిబంధనల్లో చేరిస్తే బస్సు కండక్టరుకూ, ఆలయ అధికారికీ వాదన తప్పుతుంది.

శ్రీముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు వాళ్ల భాష తాను నేర్చుకున్నారు. సవరలుండే కొండల్లో తిరిగి మలేరియా బారినపడి, వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. చూపులేనివారి కోసం పనిచేయదలచినవారికి అదే క్రమం వర్తిస్తుంది. ఏ జంతువును నేర్పాలో తేల్చే ముందు, బస్సు దిగినచోటు నుంచి సోమేశ్వరాలయం మీదుగా మధుకేశ్వరుడి గుడి దాకా, అక్కడి నుంచి వంశధార రేవు దాకా ఉన్న దారిలో చూపులేనివారినే ముందు నడవమని, వాళ్లు ఆగినచోటల్లా ఎందుకాగారో రాసుకోవాలి. ఆ కాగితమే పురావస్తు శాఖకూ, దేవాదాయ శాఖకూ, పంచాయతీకీ పని పట్టిక అవుతుంది. కాలువ మీద మూత, స్టే వైరుకు తొడుగు, ధాన్యం ఆరబోయడానికి వేరే కళ్లం, మెట్ల పక్క పట్టుకునే కమ్మీ, శివరాత్రికి మోచేయి అందించడం నేర్చిన పాతికమంది కుర్రాళ్లు. వీటిలో ఏ ఒక్కదానికీ విదేశీ గుర్రం అక్కర్లేదు. ఇవన్నీ అయ్యాక కూడా ఎవరైనా నాకు కుక్కే కావాలి, గుర్రమే కావాలి అంటే, ఆ కోరిక తీర్చడానికి తగిన దారి అప్పటికి సిద్ధంగా ఉంటుంది. ఏ తోడు కావాలో ఎంచుకునే మాట ఎప్పటికీ ఆ మనిషిదే.